పండుగలో వంతు

కంభం చెరువు క్రింద సేద్యము చేయు రైతులకు ‘వంతు’ అను మాటకు అర్థము చెప్పవలసిన పని లేదు. గుండ్లకమ్మ నల్లమల కొండలను విడిచి మైదానమునకు దిగు ఇరుకు కనుమలో, విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ కట్టించినదని జనులు చెప్పుకొను ఆ చెరువునకు 57 అడుగుల ఎత్తు కట్టయు, అయిదు శతాబ్దుల వయస్సును, 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు ఇచ్చిన వారసత్వ గౌరవమును ఉన్నవి. ఐనను దాని ఘనత చూడగోరువారు కట్టమీద గాక తూముకడ నిలువవలెను. నీరు తక్కువైన యేట ఎవరి మడికి ఏ జామున నీరు పారవలెనో నీరుగంటి చెప్పును. అతడు చెప్పినదే వంతు. రెడ్డి యైనను, సాయబైనను, పల్లెలోని పేదరైతైనను వంతు తప్పి మడవ తిప్పినచో తగవు పుట్టును. వంతు వచ్చినప్పుడు మేలుకొనక నిద్రపోయినచో ఊరు నవ్వును.

ఈ మాటయే ఈ ప్రాంతపు పండుగలకును పాకినది. పీర్ల గుండమునకు కట్టెలు తెచ్చుట ఒక ఇంటి వంతు, తిరునాళ్ళకు పందిరి వేయుట ఒక పేట వంతు, శ్రీరామనవమికి పానకపు బిందెలు మోయుట ఒక వీధి వంతు. దేవుడెవరివాడని అడిగినవారు తక్కువ; ఈ యేడు వంతెవరిదని అడిగినవారు ఎక్కువ. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో మతమెట్లు బ్రదుకుచున్నదో తెలిసికొనగోరువారు ఈ వంతులనుండి మొదలుపెట్టుట మేలని నా అభిప్రాయము. నేటి యువకులకును వారి ఊళ్ళకును నడుమ ఏమి సడలినదో కూడ ఇచ్చటనే కనబడును.

పరిపాలకులకు మాత్రము ఈ సీమ ఎవరి వంతో చిరకాలము తేలలేదు. 1800లో నిజాము ఇంగ్లీషువారికి అప్పగించిన దత్తమండలములతో పాటు కంభం ప్రాంతము వారి చేతికి వచ్చి, మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలునకు మారి, తరువాత 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలతో కూడ అందులో చేరి, 1972లో ఆ జిల్లా టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు ధరించుటతో ‘పశ్చిమ ప్రకాశము’ అనిపించుకొన్నది. కాగితములమీద కోస్తా, మాటలో, కరవులో రాయలసీమ. రాచర్ల మండలములోని సత్యవోలున తొలి చాళుక్యుల నాటి శివాలయములున్నవి. త్రిపురాంతకమును శ్రీశైలమునకు తూర్పు ద్వారమందురు. మార్కాపురమున లక్ష్మీ చెన్నకేశవుని కోవెల విజయనగర శిల్పమునకు సాక్షి. వీటన్నిటికి వెనుక నల్లమలలో చెంచుగూడెములున్నవి. చెంచులు అహోబల నరసింహుని తమ ఆడపడుచైన చెంచులక్ష్మిని పెండ్లాడిన అల్లునిగా ఎంచి, ఓబులేసని చనువుగా పిలుచుకొందురు. దేవుని అల్లునిగా చేసికొన్నవారికి దేవుని భయము కొంచెము తక్కువగానే యుండును కాబోలు. అల్లునికి మర్యాద చేయవలసినదే గాని, అతడు అలిగినచో సముదాయింపను వచ్చును.

ఈ ప్రాంతపు బడిలో హాజరుపట్టీ చదువుచుండగా విన్నవారికి మతముల సరిహద్దు ఎంత మెత్తనిదో తెలియును. మస్తానయ్య, దస్తగిరి, ఫకీరయ్య, హుస్సేనమ్మ అను పేర్లు గలవారందరును మహమ్మదీయులు కారు. బిడ్డలు పుట్టి నిలువని హిందువుల ఇండ్లలో తల్లులు దర్గాకు మ్రొక్కి, నిలిచిన బిడ్డకు ఆ మహాత్ముని పేరు పెట్టుకొని ఋణము తీర్చుకొనిరి. మరియొక వైపున, తరతరములుగా దూది యేకి బ్రదికిన దూదేకులవారు నమాజు చేయుచునే ఇంట తెలుగు మాటాడుదురు. పండుగనాడు గుమ్మమునకు పసుపు పూసిన దూదేకుల ఇల్లు ఈ వైపున వింత కాదు. గిద్దలూరుకు దక్షిణమున, కడప జిల్లా కందిమల్లాయపల్లెలో జీవసమాధి పొందిన పోతులూరి వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఇంటివాడు, కక్కయ్య మాదిగవాడు. బ్రహ్మముగారి తత్త్వములు ఏకతారమీద పాడుచు ఊరూర తిరుగు భజనపరులకు ఈ మువ్వురును ఒకే ఇంటివారు. ఆ కథను వారు సర్వమత సామరస్యమను పేరుతో చెప్పరు. గురువు కథగా చెప్పుదురు.

వంతులన్నియు ఒక్కచోట కనబడు పండుగ పీర్ల పండుగ. హిజరీ 61వ యేట, అనగా సామాన్యశకము 680లో, కర్బలా యెడారిలో ప్రవక్త మనుమడు హుసేను దాహముతో పోరాడి నేలకొరగిన దుఃఖమును స్మరించు మొహర్రము నెలారంభమున ఊరి పీర్ల చావిడి తలుపు తెరచుకొనును. పెట్టెలో ఏడాది పొడుగున నిద్రించిన పంజాలను, హస్తపు ఆకృతి గల ఆ ఇత్తడి, వెండి రేకులను, బయటికి తీసి చింతపండుతో తోముదురు. తోమినకొలది నల్లని మకిలి నీళ్ళలో కరగి, వేళ్ళ అంచులు మొదట మెరసి, తరువాత అరచేతిలో చెక్కిన అక్షరములు తేలివచ్చును. వాటిని కఱ్ఱలకు బిగించి, గంధము పూసి, రంగురంగుల దట్టీలు చుట్టి, చావిడి గోడకు చేర్చి నిలుపుదురు. సాయంకాలము స్త్రీలు కొబ్బరికాయలు, చక్కెర, ఊదువత్తులు తెచ్చి ముజావరు చేతికిత్తురు. అతడు అరబ్బీలో ఫాతెహా చదివి చిటికెడు చక్కెర వారి చేతిలో వేయును. ఆ క్రియకు మనవారు పెట్టుకొన్న పేరు ‘చదివింపులు’. పెండ్లిలో వధూవరులకు కానుకలిచ్చుటకు వాడు మాటనే హుసేనునకు చేయు నివేదనకును వాడుకొనుట చూచితిరా? భాష ఎవరికిని చెప్పకయే ఇట్టి పనులు చేయుచుండును.

చావిడి యెదుట త్రవ్విన గుండములో నిప్పు రాజుకొన్న పిదప, డప్పులు మ్రోగుచుండగా పడుచువాండ్రు గుండము చుట్టు తిరుగుచు ఆడుదురు. పీరును ఎత్తుకొనువానికి పూనకము వచ్చుటయు, అతని నడుమున చెంబులతో నీళ్ళు పోయుటయు, పిల్లవానికి జ్వరమెందుకు తగ్గలేదని ఒక ముసలమ్మ అతనిని నిలదీయుటయు జరుగును. ఆ యెత్తుకొనువాడు అనేక గ్రామములలో బోయవాడో, కాపువాడో, గొల్లవాడో అయి ఉండును. తుర్కల ఇల్లొక్కటియు లేని ఊళ్ళలో సైతము పీర్ల చావిడి యున్నది. చదువుటకు మాత్రము ప్రక్కయూరి ముజావరును పిలుచుకొని వత్తురు. పదవనాడు పీర్లను వాగునకో బావికో సాగనంపి, దట్టీలు విప్పి మరల పెట్టెలో పెట్టుదురు. అనంతపురము జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పేర ఇట్టి పండుగయే వేలమందిని రప్పించును. దానిని గూర్చి అఫ్సర్ మహమ్మద్‌గారు వ్రాసిన ఆంగ్ల గ్రంథమును 2013లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రచురించినది. మన చావిళ్ళకు అంత కీర్తి లేదు.

ఇంతవరకు చెప్పినది చదివి, పూర్వకాలమంతయు పాలు తేనెలని ఎవరైన తలచినచో పొరపాటు. వంతులలో డప్పు వంతు ఎల్లప్పుడును మాదిగవానిదే. కొట్టనని చెప్పు స్వాతంత్ర్యము అతనికి లేదు, కొట్టిన తరువాత పందిరి క్రింద కూర్చుండు హక్కును లేదు. గుండము త్రవ్వినవాడు గుడి మెట్లెక్కరాదు. అందరును కలిసి చేసిన పండుగయే. ఐనను కలిసినవారందరు సమానముగా కలియలేదు. ఈ సంగతి మరచి గ్రామసంస్కృతిని పొగడు వ్యాసములను నేను చాల చదివితిని. అందులో నేను వ్రాసినవియు కొన్ని ఉండవచ్చును.

ఆ వంతు వలదని మొదట చెప్పినవారి చరిత్రయు ఈ జిల్లాదే. కనిగిరి వైపు తాళ్ళకొండపాడునకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారము చేయు మాదిగ పెద్ద. రాజయోగ మార్గమున గురువు నాశ్రయించి, తానును ఉపదేశము చేయుచు తిరుగుచుండిన అన్వేషకుడు. 1866లో భార్య నాగమ్మతో కూడ క్రైస్తవుడయ్యెను. అదే సంవత్సరము అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు చేరెను. పదేండ్లకు, 1876 మొదలు 1878 వరకు, దక్షిణదేశమును కరవు మ్రింగినప్పుడు, క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమునకు కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కరవు తగ్గిన పిదప, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికడ ఒక్కనాడు 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కంభం తూము దాటి సముద్రమునకు పోవు నీరే అది. కూటికొఱకు మతము మారిరని తేలికగా చెప్పువారు పేరయ్య కథను మరతురు. అతడు కరవునకు పదేండ్ల ముందే మారెను. యోగమున వెదకినదేదో ఇచ్చట దొరకినదని నమ్మి మారెను. క్లౌ భార్య ఎమ్మా 1899లో ప్రచురించిన గ్రంథమున చెప్పులు కుట్టువారి ఈ అన్వేషణయంతయు కలదు. ఆ తరమువారు దేవుని మార్చుకొన్నను రాగమును మార్చుకొనలేదు. పురుషోత్తమ చౌదరిగారి వంటి కవులు వ్రాసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మన రాగతాళములలోనే ఒదిగి, నేటికిని పల్లె ప్రార్థనామందిరములలో వినబడుచున్నవి.

ఆ వంశముల యువకులకు నేడొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులములవాడు మొదట హిందువై యుండవలెను; 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి; క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశములో క్రైస్తవము పుచ్చుకొన్న షెడ్యూల్డు కులములవారిని బి.సి. ‘సి’ వర్గమున ఉంచిరి. దాని వాటా నూటికి ఒకటి. అందుచేత ఆదివారము బైబిలు పట్టుకొని పోవు కుఱ్ఱవాడు సోమవారము తహశీల్దారు కచేరీలో ఏ మతమని వ్రాయవలెనో తాత నడుగును, తాత పాస్టరు నడుగును. మతమనునది హృదయవిషయమని చెప్పు పెద్దలు ఆ దరఖాస్తు నొకమారు పూరించి చూడవలెను.

ఇక ఊరు విడిచినవారి సంగతి. మార్కాపురము పేరు చెప్పగనే ఒకప్పుడు తెలుగు పిల్లలందరికి గుర్తు వచ్చునది పలక. గనిలో తీసిన రాతిని ఉలితో పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, కఱ్ఱ చట్రము బిగించి దేశమంతట పంపిరి. గుడిలో అక్షరాభ్యాసమైనను, ఇంట బిస్మిల్లా అనిపించుటైనను, మిషను బడిలో తొలి పాఠమైనను ఆ నల్లని రాతిమీదనే జరిగెను. ఆ ధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడిన కార్మికులలోను అన్ని మతములవారును కలరు. నోటుపుస్తకములు, ప్లాస్టికు పలకలు వచ్చి ఆ పరిశ్రమ కుంగినది. బోరులో ఫ్లోరైడు నీరు, పొలములో వాన లేని యేడు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీటికై ఎదురుచూచుచునే ఒక తరము పెరిగి పెద్దదై, తాపీ పట్టుకొనియో, కంప్యూటరు కోర్సు సర్టిఫికెట్టు పట్టుకొనియో హైదరాబాదు, బెంగుళూరు దారి పట్టినది.

ఊరు విడిచిన యువకుడు నాస్తికుడగుట అరుదు. పట్టణమున అతనికి భక్తి పెరుగుట కూడ కలదు. అద్దెగదిలో కూర్చుండి సెల్‌ఫోనులో ప్రవచనమో, బయానో, వాక్యమో వినును. వినిన పిదప పండుగకు ఊరు వచ్చి తండ్రి నొక ప్రశ్న వేయును: “ఇది మన గ్రంథములో ఉన్నదా నాయనా?” ముస్లిము యువకుడు పీర్ల పూజ ఇస్లాములో లేదనును, నిజమే. హిందూ యువకుడు తురక దేవునికి కొబ్బరికాయ యేల అనును. ఏ శాస్త్రమును కొట్టమనలేదు. క్రైస్తవ యువతి పోలేరమ్మ కొలుపునాటి అన్నము తిననని అమ్మమ్మతో చెప్పును. మువ్వురును తమ తమ గ్రంథములకు నమ్మకస్థులే. వారిని తప్పు పట్టుటకు నాకు నోరాడదు. ప్రశ్నించుట చదువు ఇచ్చిన హక్కు. ఐతే తండ్రికి ఆ ప్రశ్నయే అర్థము కాదు. ఆయన ఎరిగినది గ్రంథమును కాదు, వంతును. “మనము కట్టెలు తోలకపోతే వాండ్లు ఏమనుకుంటారురా” అని మాత్రము ఆయన చెప్పగలడు.

వంతు పోయిన చోట చందా వచ్చినది. ఇదియే నాకు తోచిన పెద్ద మార్పు. వినాయక చవితికి వాట్సాపు బృందమున చందాలు పోగుచేసి, కిరాయి డీజే తెప్పించి, దాతల ముఖములతో ఫ్లెక్సీ కట్టి, మూడవనాడు సెలవు లేదని ఎక్కవలసిన రైలు ఎక్కుదురు. తిరునాళ్ళలో ఎడ్ల బండలాగుడు పందెములకు బహుమతి సొమ్మును బయటి ఊళ్ళనుండి పంపుదురు. ఎడ్లను తోలుట చూచుటకు తీరికలేదు. చందా ఇచ్చినవాడు పండుగకు యజమాని యగును; వంతు చేసినవాడు పండుగలో మనిషి యగును. చందాకు పొరుగువాడు అక్కరలేదు. డీజే పెట్టెకు మాదిగవాడు అక్కరలేదు. డప్పునకు అతడు లేనిదే గడవలేదు. ఊరేగింపు ఏ వీధిన పోవలెనో పూర్వము ఇద్దరు ముసలివారు అరుగుమీద తేల్చుకొనిరి. పోలీసు స్టేషనులో సమావేశము పెట్టవలసి వచ్చుట మన కాలపు ఏర్పాటు.

ఐనను డప్పు విడిచిన యువకుని మరల డప్పు పట్టుమనుట అన్యాయము. అతడు విడిచినది వాద్యమును కాదు, బలవంతమును. ఆ యువకుడే తన సంఘపు సభలో, తన మనసుకు నచ్చిన వేదికపై, అదే డప్పును భుజము నొప్పి పుట్టువరకు కొట్టుట మనము చూచుచున్నాము. పుట్టుక నిర్ణయించిన వంతు పోవలసినదే. ఎవరికి ఇష్టమైన వంతును వారు కోరి తీసికొనుట ఎట్లో మాత్రము మన గ్రామములింకను నేర్వలేదు.

క్రొత్త కోరికలకు పాత ఆచారములో చోటు దొరకుటకు దృష్టాంతము కావలెనన్నచో ప్రక్కనున్న నెల్లూరు చూడుడు. మొహర్రము దినములలో బారాషహీదు దర్గా చెంత స్వర్ణాల చెరువులో మోకాలిలోతు నీట నిలిచి, కోరిక తీరినవారు రొట్టె నిత్తురు, కోరిక గలవారు ఆ రొట్టె పుచ్చుకొందురు. పూర్వము సంతాన రొట్టె, పెండ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె. ఇప్పుడు చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, విదేశ రొట్టె. ఇంజనీరింగు చదివిన పిల్లవాడు జీన్సు మడిచి నీటిలో దిగి ‘ఉద్యోగ రొట్టె ఎవరికడ ఉన్న’దని కేకవేయుచు తిరుగుట అక్కడ సామాన్య దృశ్యము. ఇచ్చువారి మతము పుచ్చుకొనువారడుగరు. పుచ్చుకొన్నవానికి కోరిక తీరినచో, మరుసటి యేడు అతడే వచ్చి మరియొకని చేతిలో రొట్టె పెట్టవలెను. ఆ రొట్టె పెట్టుటయు వంతే. ఐతే పుట్టుకతో రాలేదు.

మన చావిళ్ళ మాట చెప్పి ముగింతును. మొహర్రము చాంద్రమానపు పండుగ యగుటచే ఏటేట పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును. ఆ లెక్కన 2028లో పీర్ల పండుగ జూను మొదటి వారమున వచ్చును, అటు పిమ్మట కొన్నేండ్లు మే నెలలో వచ్చును; అనగా బడులకు వేసవి సెలవులై, వలస పోయిన కుటుంబములు పిల్లలతో ఊరిలో ఉండు కాలము. పంజాలు తోముటకు చింతపండు నానబెట్టవలసినవారు ఆనాడు చావిడికడ కావలయును. ఏ మతమువారైనను సరే, ఆ పని చేయగోరువారు ఒకనాడు ముందుగా వచ్చి ముజావరుతో చెప్పుకొనుడు.